ఉర్ నగరంలో పురావస్తు తవ్వకాల చరిత్ర

ఉర్ ప్రాచీన సుమేరు నాగరికతకు చెందిన ముఖ్య నగరాలలో ఒకటి. దీని శిథిలాలు దక్షిణ ఇరాక్‌లోని ధీఖార్ రాష్ట్రంలో, నాసిరియా పట్టణానికి నైరుతి దిశగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఈ దిబ్బను స్థానికులు తెల్ అల్-ముకయ్యర్ అంటారు. అరబ్బీలో ఈ మాటకు "తారు పూసిన దిబ్బ" అని అర్థం. ఇక్కడి పురాతన కట్టడాలలో ఇటుకలను తారుతో అతికించడం వలన ఆ పేరు వచ్చింది. ఈ స్థలంలో 19వ శతాబ్దం మధ్యకాలం నుండి తవ్వకాలు జరుగుతున్నాయి. వీటిలో 1922 నుండి 1934 వరకు లియొనార్డ్ ఊలీ నాయకత్వంలో జరిగిన తవ్వకాలు అత్యంత ప్రసిద్ధమైనవి. సుమేరు ప్రజల కళ, మతం, వ్యాపారం, అంత్యక్రియల గురించి నేడు తెలిసిన విషయాలలో చాలా భాగం ఈ తవ్వకాల ఫలితమే.

నగర నేపథ్యం

ఉర్‌లో జనావాసం క్రీ.పూ. 5వ సహస్రాబ్ది నాటికే, అనగా ఉబైద్ యుగంలోనే, ఏర్పడింది. అప్పట్లో యూఫ్రటీస్ నది ఈ ఊరి పక్కనే ప్రవహించేది. పర్షియన్ సింధుశాఖ తీరం కూడా ఇప్పటికంటే చాలా దగ్గరగా ఉండేది. అందువలన ఉర్ పెద్ద రేవు పట్టణంగా ఎదిగింది. నగర దైవం చంద్రుడు. ఈ దేవుని సుమేరు భాషలో నన్నా అని, అక్కాడియన్ భాషలో సిన్ అని పిలిచేవారు.

క్రీ.పూ. 21వ శతాబ్దంలో ఉర్-నమ్ము అనే రాజు ఇక్కడ "ఉర్ మూడవ రాజవంశాన్ని" స్థాపించి, చంద్రదేవునికి జిగ్గురాట్ అనే మెట్ల గోపురాన్ని కట్టించడం మొదలుపెట్టాడు. అతని కుమారుడు షుల్గి దానిని పూర్తి చేసాడు. క్రీ.పూ. 2004 ప్రాంతంలో ఎలాము సైన్యాలు నగరాన్ని ధ్వంసం చేసాయి. ఆ తరువాత కూడా ఉర్ చాలా శతాబ్దాల పాటు నిలిచింది. నది దారి మళ్ళడంతో క్రమంగా క్షీణించి, క్రీ.పూ. 4వ శతాబ్దం తరువాత నిర్జనమైపోయింది. బైబిలులో అబ్రహాము స్వస్థలంగా చెప్పిన "కల్దీయుల ఊరు" ఇదేనని చాలామంది భావించారు. యూరోపియన్లకు ఈ స్థలంపై ఆసక్తి కలగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

తొలి సందర్శకులు

ఉర్ శిథిలాలను వర్ణించిన తొలి యూరోపియన్లలో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లె ఒకడు. ఇతడు 1623-24లో భారతదేశపు పశ్చిమ తీరంలో సూరత్, గోవా, ఇక్కేరి, మంగళూరు మొదలైన ప్రాంతాలు తిరిగి, స్వదేశానికి వెళ్తూ 1625లో ఈ దిబ్బ దగ్గర ఆగాడు. ఇటుకల మీద, నల్లరాళ్ళ మీద ఉన్న వింత గుర్తులను గమనించి, కొన్నింటిని వెంట తీసుకువెళ్ళాడు. అవి క్యూనిఫారం లిపి అక్షరాలు. అప్పట్లో ఆ లిపిని చదవగలిగినవారు ప్రపంచంలో ఒక్కరు కూడా లేరు. తరువాత రెండు శతాబ్దాలకు పైగా ఈ స్థలాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. టర్కీ, పర్షియాల సరిహద్దును నిర్ణయించే సంఘంతో వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త విలియం కెన్నెట్ లాఫ్టస్ 1849 చివరలో ఈ ప్రాంతంలో ప్రయాణించాడు. అతని వివరణల వలన బ్రిటిష్ మ్యూజియం దృష్టి దక్షిణ మెసొపొటేమియా దిబ్బల వైపు మళ్ళింది.

టేలర్ తవ్వకాలు (1853-54)

ఉర్‌లో మొదటి తవ్వకాలు జరిపినవాడు జాన్ జార్జి టేలర్. బస్రాలో బ్రిటిష్ ఉప రాయబారిగా పనిచేస్తున్న ఇతడు బ్రిటిష్ మ్యూజియం కోరికపై 1853లో పని మొదలుపెట్టాడు. అప్పటికి పురావస్తు తవ్వకాలకు శాస్త్రీయ పద్ధతులు ఏర్పడలేదు. మ్యూజియంలో ప్రదర్శించదగిన వస్తువులు దొరకడమే ముఖ్యమని భావించేవారు. టేలర్ జిగ్గురాట్ పైభాగాన్ని తవ్వించి, దాని మూలలలో మట్టితో చేసిన స్తూపాకార శాసనాలను కనుగొన్నాడు. ఈ క్రమంలో కట్టడానికి కొంత నష్టం కూడా జరిగింది.

ఈ శాసనాలు బాబిలోన్ చివరి రాజైన నబోనిడస్ (పాలన క్రీ.పూ. 556-539) వేయించినవి. ఉర్-నమ్ము మొదలుపెట్టగా షుల్గి పూర్తి చేసిన ఈ గోపురం పాడుపడగా తాను బాగు చేయించానని నబోనిడస్ వాటిలో చెప్పుకున్నాడు. తన కుమారుడు బెల్షజరు క్షేమం కోరుతూ చంద్రదేవుని ప్రార్థించాడు. క్యూనిఫారం లిపిని చదవడంలో ఆద్యులలో ఒకడైన హెన్రీ రాలిన్సన్ ఇక్కడి శాసనాల ఆధారంగా ముకయ్యర్ దిబ్బ ప్రాచీన ఉర్ నగరమేనని గుర్తించాడు. అయితే అస్సీరియా రాజభవనాలలో దొరికినటువంటి పెద్ద శిల్పాలు ఇక్కడ కనబడకపోవడంతో ఆసక్తి తగ్గింది. తరువాత అరవై ఏళ్ళకు పైగా ఉర్‌లో చెప్పుకోదగిన తవ్వకాలు జరగలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత

మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియా బ్రిటిష్ సైన్యం అధీనంలోకి వచ్చింది. సైన్యంలో పనిచేస్తున్న రెజినాల్డ్ కాంప్‌బెల్ థాంప్సన్ 1918లో ఉర్, ఎరిడు స్థలాలలో పరీక్షాత్మకంగా తవ్వించాడు. ఇతడు అంతకుముందు బ్రిటిష్ మ్యూజియం ఉద్యోగి. 1919లో అదే మ్యూజియానికి చెందిన హెచ్.ఆర్. హాల్ ఈ పని కొనసాగించాడు. ఉర్‌కు పశ్చిమంగా సుమారు 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న అల్-ఉబైద్ అనే చిన్న దిబ్బలో అతనికి ఒక ఆలయపు అవశేషాలు, రాగి శిల్పాలు దొరికాయి. సుమేరులో అతి పురాతన సంస్కృతికి ఉబైద్ అనే పేరు ఈ దిబ్బ వల్లనే వచ్చింది.

ఊలీ తవ్వకాలు (1922-1934)

1922లో బ్రిటిష్ మ్యూజియం, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియం కలిసి ఒక ఉమ్మడి బృందాన్ని ఉర్‌కు పంపాయి. దీనికి నాయకుడు చార్లెస్ లియొనార్డ్ ఊలీ (1880-1960). ఇతడు అంతకుముందు కార్కెమిష్‌లో టి.ఇ. లారెన్స్‌తో కలిసి తవ్వకాలు జరిపాడు. ఎండాకాలపు వేడి భరించరానిది కాబట్టి ప్రతి ఏటా చలికాలంలోనే పని జరిగేది. ఈ విధంగా మొత్తం 12 విడతల తవ్వకాలు జరిగాయి.

బృందం

వందలాది స్థానిక కూలీలను నడిపించిన మేస్త్రీ హమూదీ ఇబ్న్ ఇబ్రహీం. ఇతడు కార్కెమిష్ దగ్గరి జరాబ్లుస్ గ్రామస్థుడు. అక్కడి తవ్వకాల కాలం నుండి ఊలీకి నమ్మకస్తుడు. ఇతని కుమారులు కూడా ఉర్‌లో పనిచేసారు. పనివారిని అదుపులో ఉంచడంలోను, వారికి సున్నితమైన పని నేర్పడంలోను హమూదీ పాత్రను ఊలీ తన రచనలలో ఎంతో గౌరవంగా పేర్కొన్నాడు. 1925లో మాక్స్ మాలొవాన్ సహాయకుడిగా చేరాడు. దొరికిన వస్తువుల చిత్రాలు గీసిన కేథరిన్ కీలింగ్ 1927లో ఊలీని వివాహం చేసుకుంది. ఆంగ్ల రచయిత్రి అగాథా క్రిస్టీ 1928లో ఉర్‌ను చూడటానికి వచ్చింది. 1930లో మళ్ళీ వచ్చినప్పుడు మాలొవాన్‌తో పరిచయమై, అదే ఏడాది అతనిని పెళ్ళాడింది.

నాలుగేళ్ళ నిరీక్షణ

1922లో తవ్విన మొదటి కందకంలోనే బంగారు పూసలు బయటపడ్డాయి. అక్కడ ఒక శ్మశానం ఉందని ఊలీ గ్రహించాడు. కాని పనివారు కొత్తవారు, నైపుణ్యం లేనివారు. పైగా పూసలు కొన్ని మాయమవుతున్నాయి. వస్తువు దొరికితే నాసిరియా బజారులో వర్తకులు ఇచ్చే వెలకంటే ఎక్కువ బహుమానం ఇస్తానని ఊలీ ప్రకటించగా, పోయిన పూసలు తిరిగివచ్చాయి. అయినప్పటికీ అతడు ఆ కందకంలో పని ఆపించాడు. సమాధుల కాలాన్ని నిర్ణయించాలంటే ముందుగా నగరంలోని ఇతర పొరల క్రమం తెలియాలని, పనివారు నేర్పు సంపాదించాలని అతని అభిప్రాయం. బంగారం ఉందని తెలిసి కూడా నాలుగేళ్ళు దాని జోలికి పోకుండా ఉండటం ఆ రోజులలో అసాధారణమైన విషయం.

ఈ మధ్యకాలంలో జిగ్గురాట్ చుట్టూ పేరుకుపోయిన మట్టిని తొలగించారు. సుమారు 64 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు గల కింది అంతస్తు, పైకి వెళ్ళే మూడు మెట్లదారులు బయటపడ్డాయి. చంద్రదేవుని ప్రధాన పూజారిణులు నివసించిన గిపారు అనే భవనం కూడా వెలుగులోకి వచ్చింది. అక్కాడ్ చక్రవర్తి సర్గోన్ కుమార్తె, పేరు తెలిసిన తొలి రచయిత్రిగా భావించే ఎన్హెదువన్న బొమ్మ, పేరు ఉన్న గుండ్రని రాతిఫలకం ఇక్కడ దొరికింది. మరొక భవనంలో వేరువేరు కాలాలకు చెందిన పురాతన వస్తువులు ఒకేచోట కనిపించాయి. వాటి పక్కనే, ఒక పాత శాసనాన్ని నకలు చేసి వివరించిన చిన్న మట్టి స్తూపం ఉంది. ఇది నబోనిడస్ కుమార్తె ఎన్నిగల్ది-నన్నా ఏర్పరచిన మ్యూజియమని ఊలీ భావించాడు. ఆ భావన సరైనదైతే, తవ్వినవారికి దొరికినది తమకంటే 2,500 ఏళ్ళ ముందటి పురావస్తు సేకరణే.

రాజ సమాధులు

1926-27లో శ్మశానంలో పని తిరిగి మొదలైంది. ఆ విడత చివరలో లాపిస్ లాజులీ అనే నీలిరాయి పిడి, బంగారపు ఒర గల బాకు ఒకటి దొరికింది. దీని పనితనం చూసిన ఒక నిపుణుడు ఇది క్రీ.శ. 13వ శతాబ్దపు అరబ్బు పని అని పొరబడ్డాడు. క్రీ.పూ. మూడవ సహస్రాబ్దిలో అంతటి కళ ఉండగలదని అప్పటికి ఎవరూ ఊహించలేదు.

మొత్తం మీద సుమారు 1,850 సమాధులను తవ్వారు. చాలావరకు ఇవి చాపలో చుట్టి పాతిన సామాన్యుల సమాధులే. వీటిలో పదహారింటిని మాత్రం నిర్మాణాన్ని బట్టి, వాటిలోని బలులను బట్టి ఊలీ "రాజ సమాధులు" అని పిలిచాడు. వీటి కాలం సుమారు క్రీ.పూ. 2600-2450. వీటిలో ముఖ్యమైనవి:

* 755వ సమాధి: మెస్కలమ్‌దుగ్ పేరుగల పాత్రలు, ఒకే బంగారు రేకును సాగగొట్టి జుట్టు ముడి ఆకారంలో మలచిన శిరస్త్రాణం ఇందులో దొరికాయి.
* 779వ సమాధి: "ఉర్ పతాకం" అని పేరుపడిన పెట్టె వంటి వస్తువు దొరికింది. గవ్వ, నీలిరాయి, ఎర్ర సున్నపురాయి ముక్కలను తారులో పొదిగి దీని ఒక వైపు యుద్ధాన్ని, మరొక వైపు విందును చిత్రించారు.
* 789వ సమాధి: రాగి శిరస్త్రాణాలు ధరించిన సైనికులు, ఎడ్లబండ్లు, బండి తోలేవారితో సహా 63 మంది అవశేషాలు ఉన్నాయి.
* 800వ సమాధి: పువాబి అనే రాణిది. దొంగల చేతిలో పడకుండా మిగిలింది. దేహం దగ్గర ఉన్న స్తూపాకార ముద్ర వలన ఆమె పేరు తెలిసింది. మొదట్లో ఈ పేరును షుబాద్ అని చదివారు. బంగారు ఆకులు, పూలతో చేసిన ఆమె శిరోభూషణం ప్రసిద్ధి చెందింది.
* 1237వ సమాధి: 74 మంది అవశేషాలున్న గొయ్యి. వీరిలో 68 మంది స్త్రీలు. ఊలీ దీనిని "మహా మృత్యుకూపం" అన్నాడు.

పువాబి సమాధి దొరికిన వార్తను ఊలీ 1928 జనవరిలో ఫిలడెల్ఫియాకు తంతి ద్వారా పంపాడు. మధ్యలో ఎవరూ చదవకుండా ఆ తంతిని లాటిన్ భాషలో వ్రాసాడు.

1237వ సమాధిలో స్త్రీలు జుట్టుకు బంగారు లేదా వెండి పట్టీలు ధరించి, వరుసలుగా పడుకొని ఉన్నారు. ఒక యువతి తలపై మాత్రం పట్టీ లేదు. ఆమె నడుము దగ్గర ఒక వెండి చుట్ట కనబడింది. శుభ్రం చేసి చూడగా అది విప్పకుండా చుట్టి ఉంచిన తలపట్టీయే. ఆమె అంత్యక్రియలకు ఆలస్యంగా వచ్చి, దానిని అలంకరించుకునే వ్యవధి లేక బట్టలలో దాచుకొని ఉంటుందని ఊలీ ఊహించాడు.

తవ్వకపు పద్ధతులు

నేలలోని తేమకు, ఉప్పుకు కొయ్య, బట్ట పూర్తిగా కుళ్ళిపోయాయి. కొయ్య మీద పొదిగిన రాళ్ళు, గవ్వలు మాత్రమే మట్టిలో నిలిచాయి. ముట్టుకుంటే అవి చెదిరిపోతాయి. ఇటువంటి చోట కరిగించిన మైనం పోసి, పైన పలుచని గుడ్డ పరచి, గట్టిపడిన తరువాత మొత్తాన్ని ఒక్కటిగా పైకి తీసేవారు. "ఉర్ పతాకాన్ని" ఈ విధంగానే కాపాడారు. కొయ్య కుళ్ళిపోయి ఏర్పడిన ఖాళీలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి దాని ఆకారాన్ని రాబట్టేవారు. లైర్ అనే తంత్రీవాద్యాల ఆకారం ఇలాగే తెలిసింది. ఈ నేర్పు లేకుండా ఆ సమాధులను 1922లోనే తవ్వి ఉంటే ఎద్దు తలల వంటి బంగారు, వెండి భాగాలు మాత్రమే మిగిలేవి. వాద్యాలు మిగిలేవి కావు.

వరద పొర

శ్మశానం కింద ఏముందో తెలుసుకోవడానికి ఊలీ లోతైన గోతులు తవ్వించాడు. 1928-29 విడతలో వీటిలో ఎటువంటి మానవ అవశేషాలు లేని శుభ్రమైన ఒండ్రుమట్టి పొర కనబడింది. దాని కింద మళ్ళీ ఉబైద్ కాలపు కుండపెంకులు దొరికాయి. ఇది బైబిలులోను, సుమేరు గాథలలోను చెప్పిన జలప్రళయానికి సాక్ష్యమని ఊలీ ప్రకటించడంతో ప్రపంచ పత్రికలలో సంచలనం కలిగింది. అయితే ఇతర సుమేరు నగరాలలో దొరికిన వరద పొరలు వేరువేరు కాలాలకు చెందినవి. ఉర్‌కు దగ్గరలోనే ఉన్న ఎరిడులో అటువంటి పొరే లేదు. అందువలన ఇది స్థానికమైన నదీ వరద గుర్తు మాత్రమేనని నేటి పండితులు భావిస్తున్నారు.

నివాస గృహాలు

ఊలీ క్రీ.పూ. 2000-1700 మధ్యకాలపు ఇళ్ళను, సందులను కూడా తవ్వించాడు. నడిమి వాకిలి చుట్టూ గదులుండే ఈ ఇళ్ళలో వర్తకుల లెక్కలు, ఉత్తరాలు, పిల్లలు వ్రాసుకున్న పాఠాల పలకలు దొరికాయి. రాగి వ్యాపారి ఎయా-నాసిర్ సరైన సరుకు ఇవ్వలేదని, తన మనిషిని అవమానించాడని నన్ని అనే కొనుగోలుదారు వ్రాయించిన ఫిర్యాదు పలక వీటిలో బాగా ప్రసిద్ధి పొందింది. ఇది ప్రస్తుతం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

భారతదేశంతో సంబంధం

ఉర్ సమాధులలో దొరికిన కార్నీలియన్ ఎర్రరాతి పూసలలో కొన్నింటిపై తెల్లని గీతల అలంకరణ ఉంది. ఈ విధమైన పూసలు సింధు లోయ నాగరికత పనితనం. సింధు ముద్రలను పోలిన ముద్రలు కూడా ఇక్కడ దొరకగా, సి.జె. గాడ్ 1932లో వాటిపై ఒక వ్యాసం ప్రచురించాడు. హరప్పా, మొహెంజొదారో అప్పటికి కొద్ది సంవత్సరాల క్రితమే వెలుగులోకి వచ్చాయి. మెసొపొటేమియాలో కాలం తెలిసిన పొరలలో ఇటువంటి వస్తువులు దొరకడం సింధు నాగరికత కాలాన్ని నిర్ణయించడానికి తోడ్పడింది. సుమేరు పలకలలో కనిపించే మెలుహ్హా దేశం సింధు ప్రాంతమేనని చాలామంది పండితుల అభిప్రాయం.

1938లో భారత ప్రభుత్వం ఆహ్వానంపై ఊలీ ఇక్కడికి వచ్చి, పురావస్తు శాఖ పనితీరును పరిశీలించి, దానిని తీవ్రంగా విమర్శిస్తూ నివేదిక సమర్పించాడు. 1944లో మార్టిమర్ వీలర్‌ను ఆ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా నియమించడానికి ఈ నివేదిక ఒక కారణం.

వస్తువుల పంపకం

అప్పటి నియమాల ప్రకారం తవ్వకాలలో దొరికిన వస్తువులను ఇరాక్ ప్రభుత్వం, తవ్విన సంస్థలు పంచుకునేవి. ఇరాక్ పురావస్తు శాఖ తొలి అధిపతి గెర్ట్రూడ్ బెల్ తొలి విడతల చివర ఉర్‌కు వచ్చి పంపకం జరిపేది. ఇరాక్ వాటా పోగా మిగిలినవాటిని రెండు విదేశీ మ్యూజియాలు పంచుకున్నాయి. అందువలన ఒకే సమాధిలోని వస్తువులు మూడు దేశాలకు చేరాయి. మెస్కలమ్‌దుగ్ శిరస్త్రాణం బాగ్దాదులో, "ఉర్ పతాకం" లండనులో, పువాబి శిరోభూషణం ఫిలడెల్ఫియాలో ఉన్నాయి. 1237వ సమాధిలో జంటగా దొరికిన, పొదపై ముందుకాళ్ళు ఆనించి నిలిచిన మేక బొమ్మలలో ఒకటి లండనుకు, రెండవది ఫిలడెల్ఫియాకు వెళ్ళాయి.

స్వతంత్ర ఇరాక్‌లో ఈ పద్ధతిపై అసంతృప్తి పెరిగింది. 1936లో వచ్చిన పురావస్తు చట్టం విదేశీ బృందాలకు వెళ్ళే వాటాను బాగా తగ్గించింది. ఊలీ అంతకు రెండేళ్ళ ముందే, 1934లో, ఉర్‌లో పని ముగించాడు.

విమర్శలు, పునఃపరిశీలన

ఊలీ తన కాలానికి చాలా జాగ్రత్తగా తవ్వినవాడు. ఫలితాలను పెద్ద సంపుటాలుగా ప్రచురించాడు. రాజ సమాధుల సంపుటం 1934లో వెలువడింది. అయితే కొద్దిమంది నిపుణులతో వందలాది పనివారిని నడపడం వలన చాలా వివరాలు నమోదు కాలేదు. మానవ అస్థిపంజరాలను ఎక్కువగా భద్రపరచలేదు.

సమాధులలోని సేవకులు తమ ఇష్టంతోనే విషం తాగి, ప్రశాంతంగా మరణించారని ఊలీ వ్రాసాడు. దేహాల పక్కన చిన్న గిన్నెలు ఉండటం, పెనుగులాట గుర్తులు లేకపోవడం అతని ఆధారాలు. కాని పెన్సిల్వేనియా మ్యూజియంలో మిగిలిన రెండు పుర్రెలకు సి.టి. స్కాన్ తీయగా వేరే సంగతి బయటపడింది. ఒకటి 789వ సమాధిలోని సైనికునిది, మరొకటి 1237వ సమాధిలోని స్త్రీది. రెండింటిపైనా మొనదేలిన ఆయుధంతో కొట్టిన గాయాలున్నాయి. దేహాలు చెడిపోకుండా వేడి తగిలించి, పాదరసపు సమ్మేళనం వాడిన గుర్తులు కూడా కనిపించాయి. ఈ ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. వరుసలలోని ప్రశాంతత మరణం తరువాత ఇతరులు అమర్చినదని దీనివలన తెలుస్తున్నది.

2014లో అదే మ్యూజియం గిడ్డంగిలో చీటీ లేని పెట్టెలో ఉన్న ఒక అస్థిపంజరాన్ని పాత తవ్వకపు పత్రాల సహాయంతో గుర్తించారు. అది ఊలీ 1929-30లో వరద పొరలో తవ్వించిన, సుమారు 6,500 ఏళ్ళ నాటి మనిషిది.

యుద్ధాలు, తరువాతి పరిణామాలు

ఊలీ తరువాత ఉర్‌లో పెద్ద తవ్వకాలు చాలాకాలం జరగలేదు. 1960వ దశకం నుండి ఇరాక్ పురావస్తు శాఖ జిగ్గురాట్ కింది అంతస్తును, మెట్లను పునరుద్ధరించింది. దిబ్బకు దగ్గరలోనే తల్లీల్ వైమానిక స్థావరం ఉండటం వలన 1991 గల్ఫ్ యుద్ధంలో జిగ్గురాట్‌పై వందలాది చిన్న గుంటలు పడ్డాయి.

2003 ఏప్రిల్‌లో బాగ్దాదులోని ఇరాక్ మ్యూజియం లూటీ అయినప్పుడు అక్కడి లైర్ వాద్యం చాలా దెబ్బతింది. దాని అసలు బంగారు ఎద్దు తల మాత్రం ముందే కేంద్ర బ్యాంకు నేలమాళిగలో దాచినందున మిగిలింది. నీట మునిగిన ఆ నేలమాళిగ నుండి నీరు తోడి, ఉర్ బంగారు వస్తువులను అదే సంవత్సరం బయటికి తీసారు. ఉర్ దిబ్బ సైనిక స్థావరం కంచె లోపల ఉండటంతో, దక్షిణ ఇరాక్‌లోని అనేక ఇతర దిబ్బల వలె దొంగ తవ్వకాలకు గురికాలేదు. 2009 మే నెలలో అమెరికా సైన్యం ఈ స్థలాన్ని ఇరాక్ అధికారులకు అప్పగించింది.

2015లో స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ స్టోన్, పాల్ జిమాన్‌స్కీ ఇక్కడ తవ్వకాలను పునఃప్రారంభించారు. 2017 నుండి మ్యూనిక్ విశ్వవిద్యాలయపు అడెల్‌హైడ్ ఓటో బృందం నివాస ప్రాంతంలో పనిచేసింది. కొత్త తవ్వకాలలో నిధుల కంటే ఇళ్ళు, ఆహారపు గింజలు, ఎముకలు, మట్టి నమూనాల పరిశీలనకు ప్రాధాన్యం ఇచ్చారు. దొరికిన వస్తువులు ఇరాక్‌లోనే ఉంటాయి. 2016లో ఉర్, ఉరుక్, ఎరిడు శిథిలాలను దక్షిణ ఇరాక్ చిత్తడి నేలలతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. 2021 మార్చి 6న పోప్ ఫ్రాన్సిస్ ఇక్కడ సర్వమత సమావేశంలో పాల్గొన్నాడు.

ఇవి కూడా చూడండి

* సుమేరు నాగరికత
* మెసొపొటేమియా
* జిగ్గురాట్
* క్యూనిఫారం లిపి
* సింధు లోయ నాగరికత